కంప్యూటర్ వచ్చింది... మాస్టారి సంగతేమిటి?

మీ ఎదుట నేల మీద ఒక తాబేలు ఉందనుకోండి. దానికి రెండే రెండు మాటలు అర్థమవుతాయి. ‘ముందుకు 50’ అంటే యాభై అడుగులు ముందుకు నడుస్తుంది. ‘కుడికి 90’ అంటే నిలుచున్న చోటే 90 డిగ్రీలు కుడివైపు తిరుగుతుంది. నడిచినంత మేరా దాని వెనుక గీత పడుతుంది. ఈ రెండు ఆదేశాలనూ నాలుగుసార్లు చెబితే నేల మీద చక్కని చతురస్రం తయారవుతుంది. ఇప్పుడు అదే తాబేలుతో త్రిభుజం గీయించాలి. మూడు భుజాలూ సమానంగా ఉండాలి. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని బడి పిల్లలందరికీ తెలుసు. కాబట్టి ‘ముందుకు 50, కుడికి 60’ అని మూడుసార్లు చెప్పి చూడండి. త్రిభుజం రాదు! మూత లేని గిన్నె లాంటి ఆకారం గీసి తాబేలు ఆగిపోతుంది.

కంప్యూటర్ తెర మీద ఇలాంటి తాబేలును నడిపించే ప్రతి పిల్లా పిల్లాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే ఇది. 60కి బదులు 120 అని చెబితే త్రిభుజం వస్తుంది. ఎందుకు? తాబేలు తిరిగేది త్రిభుజం లోపలి కోణం కాదు, బయటి కోణం. ఏ ఆకారాన్నయినా ఒక చుట్టు చుట్టి బయలుదేరిన చోటికి వచ్చి, మొదట చూసిన వైపే మళ్లీ చూడాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. మూడు మలుపుల్లో తిరగాలంటే మలుపుకు 120. ఇంత చక్కని జ్యామితి ఆ చిన్న పొరపాటులో దాగి ఉంది. కానీ యంత్రం ఆ సంగతి తనంతట తాను చెప్పదు. గిన్నె బొమ్మ గీసి ఊరుకుంటుంది. ఆ క్షణాన పిల్లవాడి పక్కన నిలబడి, “నువ్వే తాబేలువనుకుని నడిచి చూడు” అని చెప్పేవారు కావాలి.

అలా చెప్పగలిగే ఉపాధ్యాయుడు ఎక్కడి నుంచి వస్తాడు? కంప్యూటర్ శాస్త్రాన్ని చిన్న తరగతులకు తీసుకెళ్లాలన్న ప్రయత్నాల చరిత్ర దాదాపు అరవై ఏళ్లది. ఆ చరిత్రను తిరగేస్తే ప్రతి దేశంలోనూ, ప్రతి దశాబ్దంలోనూ ఈ ప్రశ్నే ఎదురవుతుంది. విచిత్రం ఏమిటంటే, ప్రతిసారీ అది అన్నిటికన్నా చివర్న అడిగిన ప్రశ్నే.

తాబేలుతో మొదలు

పిల్లల కోసమే తయారైన మొదటి ప్రోగ్రామింగ్ భాషల్లో ముఖ్యమైనది ‘లోగో’. 1967లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాలీ ఫోయర్జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్ తదితరులు దీన్ని రూపొందించారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన పాపర్ట్ గణితవేత్త. జెనీవాలో పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త ఝాఁ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేశాడు. పిల్లలు చెబితే నేర్చుకోరు, తమ చేతులతో కడుతూ నేర్చుకుంటారన్నది ఆయన నమ్మకం. మొదట్లో లోగో మాటలతోనూ అంకెలతోనూ ఆడుకునే భాష. తాబేలు ఆ తరువాత కొద్దికాలానికి వచ్చి చేరింది. అది మొదట నిజంగానే నేల మీద పాకే చిన్న మరయంత్రం. తెర మీద బొమ్మగా మారింది తరువాతే.

1980లో పాపర్ట్ రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంతో లోగో ప్రపంచమంతటా పాకింది. పిల్లవాడు కంప్యూటర్‌కు పాఠం చెబుతూ తానే ఆలోచించడం నేర్చుకుంటాడని అందరూ ఆశపడ్డారు. 1984లో న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీకి చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ ఈ ఆశను పరీక్షకు పెట్టారు. ఏడాదిపాటు లోగో నేర్చుకున్న పిల్లలకూ నేర్చుకోని పిల్లలకూ ఒకే పని ఇచ్చారు. తరగతి గదిలో చేయవలసిన పనులన్నిటినీ తక్కువ నడకతో పూర్తిచేసేలా వరుస వేయాలి. లోగో నేర్చుకున్నవారు మిగిలినవారి కన్నా మెరుగ్గా చేయలేదు.

లోగో పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అయితే కథ అక్కడితో ముగియలేదు. 1988లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ అదే లోగోతో మరో ప్రయోగం చేశారు. ఈసారి పిల్లలను యంత్రం ముందు వదిలేయలేదు. తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతిని విడిగా, వరుసక్రమంలో నేర్పారు. రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి, తేడా ఏ రకానిది, ఆ తేడా ప్రోగ్రాంలో ఏ భాగం నుంచి వచ్చి ఉంటుంది? ఇలా నేర్చుకున్న పిల్లలు కంప్యూటర్‌తో సంబంధం లేని చోట కూడా, అంటే ఎవరో రాసిన దారి గుర్తుల్లో తప్పు పట్టుకోవడం వంటి పనుల్లో కూడా, ముందుకన్నా బాగా రాణించారు.

రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. భాష అదే, తాబేలూ అదే. మారింది బోధన ఒక్కటే.

బ్రిటన్ పంచిన పెట్టెలు

దేశం మొత్తం మీద పాఠశాలలకు కంప్యూటర్లు పంచే పనిని పెద్ద ఎత్తున చేపట్టిన తొలి దేశాల్లో బ్రిటన్ ఒకటి. 1978లో బి.బి.సి. ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ వల్ల ఉద్యోగాలు ఏమైపోతాయోనన్న కలవరం లేపింది. ఆ కలవరం నుంచే బి.బి.సి. కంప్యూటర్ అక్షరాస్యతా పథకం పుట్టింది. ఏకార్న్ అనే చిన్న కంపెనీ ఈ పథకం కోసం తయారుచేసిన ‘బి.బి.సి. మైక్రో’ 1981 డిసెంబరులో బజారులోకి వచ్చింది. దాని పెద్ద నమూనాలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీ జేబులోని ఫోనులో ఒక్క ఫొటో దాచడానికి కూడా అది చాలదు. అయినా ఆ పెట్టె మొత్తం మీద సుమారు 15 లక్షలు అమ్ముడుపోయింది.

1981లో ప్రభుత్వం ఉన్నత పాఠశాలలకు ఒక్కో కంప్యూటర్ కొనుక్కోవడానికి సగం ధర ఇవ్వడం మొదలుపెట్టింది. 1982లో ఈ సదుపాయాన్ని ప్రాథమిక పాఠశాలలకు కూడా విస్తరించింది. ఈ డబ్బు వచ్చింది విద్యాశాఖ నుంచి కాదు, పరిశ్రమల శాఖ నుంచి. పెట్టెలు పరిశ్రమల శాఖవైతే, పాఠాలూ శిక్షణా విద్యాశాఖవి. అందుకోసం విద్యాశాఖ 1980 నుంచి 1986 వరకు రిచర్డ్ ఫోదర్‌గిల్ నాయకత్వాన సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ విద్యా కార్యక్రమాన్ని నడిపింది. దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి, ప్రతి ప్రాంతంలో ఒక కేంద్రం పెట్టి, టీచర్లను పిలిచి నేర్పింది. ప్రాథమిక పాఠశాల టీచర్ల కోసం స్వయంగా చదువుకుని నేర్చుకునే సామగ్రి కూడా తయారైంది.

ఈ ఏర్పాటులోని వివేకాన్ని మనం గుర్తించాలి. యంత్రంతో పాటే మనిషి గురించి కూడా ఆలోచించిన పథకం అది. కానీ 1986లో ఆ కార్యక్రమం ముగిసింది. యంత్రాలు మిగిలాయి. తరువాతి ఏళ్లలో పాఠశాలల్లో ప్రోగ్రామింగ్ మెల్లగా వెనక్కి తగ్గి, ఉత్తరాలు టైపు చేయడం, పట్టికలు నింపడం ‘కంప్యూటర్ పాఠం’ అయిపోయాయి. ఆ దారిలో పాతికేళ్లు నడిచాక బ్రిటన్ ఎక్కడికి చేరిందో తరువాత చూద్దాం. ముందుగా అదే బి.బి.సి. మైక్రో మన దేశానికి వచ్చిన కథ తెలుసుకుందాం.

మన ‘క్లాస్’ కథ

1984–85లో భారత ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం ప్రారంభించింది. ‘పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత, అధ్యయనం’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల పేరుకు అది పొట్టి రూపం. విద్యా మంత్రిత్వ శాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ, ఎన్.సి.ఇ.ఆర్.టి. కలిసి దీన్ని నడిపాయి. మొదట సుమారు 250 పాఠశాలలను ఎంపిక చేశారు. యంత్రాలు బి.బి.సి. మైక్రోలే. తరువాత ఏకార్న్ లైసెన్సుతో ‘సెమీకండక్టర్ కాంప్లెక్స్’ సంస్థ వాటిని మన దేశంలోనే తయారుచేయసాగింది. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి ఇంజనీరింగ్ కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, ఐ.ఐ.టి.ల వంటి చోట్ల వనరుల కేంద్రాలు ఏర్పాటయ్యాయి. కాలక్రమేణా ఈ యంత్రాలు 2,598 పాఠశాలలకు చేరాయి.

ఆ రోజులకు ఇది సాహసమే. బ్యాంకుల్లోకి కంప్యూటర్లు రాకూడదని ఉద్యోగ సంఘాలు ఆందోళన చేస్తున్న కాలమది. అయినా పథకం ఆశించినంతగా వేళ్లూనుకోలేదు. మొదటి కారణం భాష. యంత్రంతో పాటు బోధనా సాఫ్ట్‌వేర్ కూడా బ్రిటన్ నుంచే వచ్చింది. అది ఆంగ్లంలో, ఆంగ్లేయుల పిల్లల పాఠ్యప్రణాళిక కోసం రాసినది. భారతీయ భాషల్లో చదువుకునే పిల్లలకు అది అన్ని విధాలా పరాయి సరుకు. రెండో కారణం పనివేళలు. కంప్యూటర్ పాఠం పరీక్షలో లేదు, టైంటేబుల్‌లో గట్టి స్థానం లేదు. శిక్షణ పొందిన టీచర్ తన మామూలు పీరియడ్లన్నీ చెప్పుకున్నాక మిగిలిన సమయంలో దీన్ని చూసుకోవాలి. మూడో కారణం బదిలీలు. కంప్యూటర్ నేర్చుకున్న మాస్టారు కంప్యూటర్ లేని ఊరికి బదిలీ అయితే ఆయన నేర్చుకున్నదీ పనికిరాదు, ఇక్కడి యంత్రమూ పనికిరాదు.

నాలుగో కారణం భయం. ఖరీదైన వస్తువు, పాడైతే ఎవరు జవాబు చెప్పాలి? గదికి తాళం, యంత్రానికి గుడ్డ ముసుగు, గుమ్మం బయట చెప్పులు. గర్భగుడిలోని మూలవిరాట్టును చూసినట్టు పిల్లలు దూరం నుంచి చూసి వెళ్లేవారు. పైగా ఇదంతా హైస్కూలు, ఆపై తరగతుల వ్యవహారం. ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల జోలికి ఎవరూ వెళ్లలేదు.

‘కంప్యూటర్ అక్షరాస్యత’ అన్న మాట గురించి కూడా ఒక సంగతి చెప్పుకోవాలి. తెలుగులో అక్షరాస్యత అంటే చదవడమూ, రాయడమూ రెండూ వచ్చి ఉండటం. ఈ కొలతతో చూస్తే, ఎవరో రాసిన ప్రోగ్రాంలను వాడటం చదవడం లాంటిది. సొంతంగా ప్రోగ్రాం తయారుచేయడం రాయడం లాంటిది. మన బడుల్లో ఆ పేరుతో జరిగినది చాలావరకు మీటల పేర్లు, యంత్ర భాగాల పేర్లు బట్టీ పట్టించడం. ‘కంప్యూటర్ పితామహుడు ఎవరు?’ అన్న ప్రశ్నకు ‘ఛార్లెస్ బాబేజ్’ అని జవాబు రాస్తే మార్కులు పడేవి. ఇది చదవడమూ కాదు, రాయడమూ కాదు. అక్షరమాలలో ఎన్ని అక్షరాలున్నాయో అప్పజెప్పించడం.

‘కంప్యూటర్ సార్’

ఎనిమిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో క్లాస్ పథకం రూపు మారింది. కొత్త యంత్రాలతో మరో 2,371 పాఠశాలలు చేరాయి. టీచర్లకు నేర్పడం కష్టమవుతోంది కనుక, నేర్పే పనినే బయటి సంస్థలకు అప్పగించే పద్ధతి అప్పుడే మొదలైంది. 2001లో కర్ణాటక ‘మాహితీ సింధు’ పేరుతో 1,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఈ దారి పట్టింది. కేంద్రం 2004లో ‘ఐ.సి.టి. అట్ స్కూల్’ పథకం తెచ్చాక చాలా రాష్ట్రాలు అదే దారిలో నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో 5,000 ఉన్నత పాఠశాలలకు ఇలాగే కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. కంపెనీ ల్యాబు పెట్టి, అయిదేళ్లు తానే నడిపి, చివరకు పాఠశాలకు అప్పగించి వెళ్లిపోతుంది. దీన్ని పొట్టిగా ‘బూట్’ పద్ధతి అంటారు.

ఆ అయిదేళ్లలో మన బడుల్లో ఒక కొత్త పిలుపు పుట్టింది: ‘కంప్యూటర్ సార్’. లెక్కల మాస్టారు, తెలుగు పంతులు, డ్రిల్లు మాస్టారు ఉన్నట్టే ఆయనా ఉన్నాడు. కానీ ఆయన పేరు హాజరు పట్టీలో మిగిలినవారితో పాటు ఉండేది కాదు. కంపెనీ నియమించిన యువకుడో యువతో, జీతం తక్కువ, భద్రత లేదు. పిల్లలకు ఎంత ఇష్టమైనా ఒప్పందం గడువు ముగిస్తే ఆ ఉద్యోగమూ ముగుస్తుంది. కంప్యూటర్ విషయం ఆయనది అనుకుని లెక్కల టీచరూ సైన్సు టీచరూ ఆ గది గడప తొక్కలేదు. అయిదేళ్లు నిండాక పాఠశాలకు మిగిలేవి పాతబడిన యంత్రాలు, వాటిని వాడటం తెలియని ఉపాధ్యాయ బృందం.

ఇందులో ‘కంప్యూటర్ సార్’ తప్పేమీ లేదు. తప్పు లెక్కలో ఉంది. యంత్రాన్ని ఆస్తిగా లెక్కకట్టాం, బోధనను అద్దెకు తెచ్చుకున్నాం. అద్దె సామాను గడువు తీరితే వెళ్లిపోతుంది కదా!

టీచర్ లేకుండానే పని జరుగుతుందన్న ఆలోచన ఇతర దేశాలనూ ఆకర్షించింది. పెరూ దేశం ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకం కింద లక్షల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు పంచింది. అక్కడి 319 గ్రామీణ పాఠశాలల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పిల్లలు కంప్యూటర్ వాడటం బాగా పెరిగింది కానీ, లెక్కల్లోనూ భాషలోనూ వారి మార్కులు పెరిగిన ఆధారం కనబడలేదు.

కరెంటు లేకుండా కంప్యూటర్ శాస్త్రం

ఇక్కడ కొంచెం ఆగి, యంత్రమే లేని ఒక ప్రయత్నాన్ని చూద్దాం. 1992లో న్యూజిలాండ్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త టిమ్ బెల్‌ను అయిదేళ్ల కొడుకు చదివే బడి వారు పిలిచి, ‘మీరు చేసే పని ఏమిటో పిల్లలకు చెప్పండి’ అన్నారు. అంత చిన్న పిల్లలకు ఎలా చెప్పాలా అని ఆలోచించి ఆయన కొన్ని ఆటలు తయారుచేశాడు. ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్‌లు తోడయ్యారు. ఆ ఆటల సంపుటే ‘అన్‌ప్లగ్డ్’ పేరుతో ప్రసిద్ధమైంది. కరెంటు ప్లగ్గు పెట్టనవసరం లేనిదని అర్థం. తరువాత అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

అందులో ఒక ఆటను మన పద్ధతిలో ఆడి చూడండి. అష్టాచెమ్మా ఆటకు వాడే, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు 36 తీసుకోండి. ఒకవైపు తెలుపు, రెండోవైపు గోధుమ రంగు. ఒక పిల్లవాడిని పిలిచి, అయిదు వరుసల్లో అయిదేసి పిక్కలు తన ఇష్టం వచ్చినట్టు పేర్చమనండి. “ఇంత తేలికైతే ఎలా? కాస్త కష్టం చేద్దాం” అంటూ మీరు ప్రతి అడ్డు వరుస చివరా, ప్రతి నిలువు వరుస కిందా ఒక్కో పిక్క చేర్చండి. మూలలో ఒకటి పెట్టండి. ఇప్పుడు వెనక్కి తిరిగి నిలబడి, ఏదో ఒక్క పిక్కను తిరగేయమనండి. ముందుకు తిరిగి ఒక్క చూపులో ఆ పిక్కను పట్టుకోండి. తరగతి మొత్తం నోరు వెళ్లబెడుతుంది.

కిటుకు చిన్నదే. మీరు పిక్కలు చేర్చినప్పుడు ప్రతి వరుసలోనూ తెల్లవాటి సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూశారు. ఒక్క పిక్క తిరగబడితే ఒక అడ్డు వరుసలోనూ ఒక నిలువు వరుసలోనూ ఆ లెక్క బేసి అవుతుంది. ఆ రెండూ కలిసే చోటే దొంగ! సమాచారం ప్రయాణంలో చెడిపోతే కంప్యూటర్లు పసిగట్టేది ఈ సూత్రంతోనే. మీ ఆధార్ సంఖ్యలోని పన్నెండో అంకె కూడా ఇలాంటి కాపలాదారే. మిగతా పదకొండు అంకెల నుంచి ఒక సూత్రం ప్రకారం దాన్ని లెక్కకడతారు. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పితే ఆ లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది.

సరిసంఖ్య, బేసిసంఖ్య తెలిసిన ఏ ప్రాథమిక పాఠశాల టీచరైనా ఈ పాఠం చెప్పగలరు. అసలు విషయం అక్కడుంది. కంప్యూటర్ శాస్త్రమంటే పెట్టె తెరవడం కాదని, తనకు ఇప్పటికే తెలిసిన లెక్కల్లో, ఆటల్లో, వ్యాకరణంలో అది ఉందని టీచర్‌కు అర్థమైన రోజు భయం సగం పోతుంది. మన దేశంలో ఐ.ఐ.టి. బొంబాయిలో శ్రీధర్ అయ్యర్ బృందం రూపొందించిన ‘కంప్యూటర్ మస్తీ’ పుస్తకాలు, 2016లో ఎ.సి.ఎం. ఇండియా మొదలుపెట్టిన ‘సి.ఎస్. పాఠశాల’ ఈ బాటలో నడిచినవే.

కేరళ దారి

‘కంప్యూటర్ సార్’ను పిలిపించని రాష్ట్రం ఒకటుంది. 2001లో కేరళ ‘ఐ.టి. అట్ స్కూల్’ ప్రాజెక్టును ప్రారంభించింది. అంతరిక్ష శాస్త్రవేత్త యు.ఆర్. రావు అధ్యక్షతన పనిచేసిన బృందం దానికి బీజం వేసింది. ఇక్కడ తీసుకున్న కీలక నిర్ణయం ఒకటే. కంప్యూటర్‌కు విడిగా టీచర్ ఉండడు. లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే టీచర్లే ఐ.టి. కూడా చెబుతారు. వారికి నేర్పేది కూడా టీచర్లే. వివిధ పాఠశాలల నుంచి ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులను ఎంచి ‘మాస్టర్ ట్రైనర్లు’గా తయారుచేశారు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక టీచర్ ఐ.టి. సమన్వయకర్త. ఆయనకు సాయంగా విద్యార్థి సమన్వయకర్తలు.

రెండో మలుపు టీచర్ల పోరాటం నుంచి వచ్చింది. మొదటి పాఠ్యపుస్తకాలు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగాయి. ఉపాధ్యాయ సంఘం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు అభ్యంతరం చెప్పారు. బడిలో నేర్పవలసింది విషయాన్నా, ఒక సరుకు పేరునా అని అడిగారు. కొద్ది ఏళ్లలోనే కేరళ పాఠశాలలు పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. డబ్బు ఆదా కావడం ఒక లాభం. అంతకు మించిన లాభం మరొకటుంది. ఎవరైనా విప్పి, మార్చి, పంచుకునే వీలున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి, తమ బడులకు కావలసిన మెనూలను, మలయాళ భాషను, బోధనా పరికరాలను టీచర్లు స్వయంగా అమర్చుకున్నారు. వాడుకరి కాస్తా తయారీదారు అయ్యాడు. ఇందాక చెప్పుకున్న అక్షరాస్యతలో ‘రాయడం’ ఇదే.

2005 నాటికి పదో తరగతి పరీక్షలో ఐ.టి. కూడా ఒక విషయం. ఆ తరువాత అది చిన్న తరగతులకు దిగింది. 1 నుంచి 4 తరగతులకు తయారైన పుస్తకం పేరు ‘కళిప్పెట్టి’, అంటే ఆటల పెట్టె. 5 నుంచి 7 వరకు ‘ఇ–విద్య’. ప్రాజెక్టు 2017లో ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో విద్యార్థుల కోసం ‘లిటిల్ కైట్స్’ క్లబ్బులు మొదలయ్యాయి. 2024లో ఏడో తరగతి పాఠ్యపుస్తకంలో కృత్రిమ మేధ ప్రవేశించింది. ముఖంలోని హావభావాలను గుర్తించే ప్రోగ్రాంను పిల్లలు స్వయంగా తయారుచేస్తారు. అదే ఏడాది మే నెలలో 80,000 మంది ఉపాధ్యాయులకు మూడేసి రోజుల శిక్షణ మొదలైంది. 2025లో పదో తరగతికి రోబోటిక్స్ వచ్చింది.

అంతా బంగారమని కాదు. మూడు రోజుల శిక్షణతో కృత్రిమ మేధ ఎవరికీ కరతలామలకం కాదు. పరీక్షలు దగ్గరపడితే ఐ.టి. పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకోవడం ఏ రాష్ట్రంలోనైనా జరిగేదే. కానీ తేడా ఎక్కడుందో చూడండి. ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వాలు మారినా, యంత్రాలు మారినా, నేర్చుకున్న టీచర్లు వ్యవస్థలోనే ఉన్నారు. నిన్న నేర్చుకున్నవారు ఇవాళ నేర్పుతున్నారు. అద్దె కాదు, సొంత ఆస్తి.

ఇంగ్లండ్ రెండోసారి

ఇప్పుడు బ్రిటన్‌కు తిరిగి వెళదాం. 2008లో సైమన్ పేటన్ జోన్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మరికొందరు మిత్రులు కలిసి ‘కంప్యూటింగ్ అట్ స్కూల్’ అనే బృందం పెట్టారు. అది ప్రభుత్వ పథకం కాదు. పాఠశాల టీచర్లు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు, ఇంజనీర్లు ఊరూరా కలుసుకుని పాఠాలు పంచుకునే వేదిక. 2012 జనవరిలో రాయల్ సొసైటీ ఒక నివేదిక విడుదల చేసింది. దాని కమిటీకి అధ్యక్షుడు స్టీవ్ ఫర్బర్. ముప్ఫై ఏళ్ల కిందట బి.బి.సి. మైక్రోను రూపొందించినవారిలో ఆయన ఒకరు! పిల్లలకు కంప్యూటర్ పేరుతో నేర్పుతున్నది చాలా పేలవంగా ఉందని ఆ నివేదిక తేల్చింది. వాడకం నైపుణ్యం, సమాచార సాంకేతికత, కంప్యూటర్ శాస్త్రం అనే మూడింటినీ విడదీసి చూడాలని చెప్పింది.

2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో అయిదేళ్ల వయసు పిల్లల నుంచి కంప్యూటింగ్ తప్పనిసరి పాఠ్యాంశం అయింది. పాఠ్యప్రణాళిక ఒక్క రోజులో మారుతుంది. టీచర్ అలా మారలేరు. నిన్నటి వరకు పవర్‌పాయింట్ నేర్పినవారు మర్నాడు అల్గారిథం గురించి చెప్పాలి. ఆ భారాన్ని మోసింది ఎక్కువగా పైన చెప్పిన స్వచ్ఛంద బృందమే. 2017 నవంబరులో రాయల్ సొసైటీ మళ్లీ లెక్క చూసింది. ఇంగ్లండ్‌లో 54 శాతం పాఠశాలలు పదహారేళ్ల వయసులో రాసే కంప్యూటర్ సైన్స్ పరీక్షకు కోర్సే పెట్టడం లేదు. పరీక్ష రాస్తున్నవారిలో అయిదుగురిలో ఒక్కరే అమ్మాయి. టీచర్లకు అందుతున్న సాయం ఏ మూలకూ చాలదనీ, దాన్ని పదిరెట్లు పెంచి అయిదేళ్లలో 6 కోట్ల పౌండ్లు ఖర్చు చేయాలనీ సిఫారసు చేసింది. దానికి స్పందించి ప్రభుత్వం 2018లో జాతీయ కంప్యూటింగ్ విద్యా కేంద్రాన్ని నెలకొల్పింది. 1986లో వదిలేసిన పనిని ముప్ఫై రెండేళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టినట్టు లెక్క.

ఇప్పుడు మన వంతు

2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి, కోడింగ్ పనులు ఉండాలంది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ మరో అడుగు వేసి, 2026–27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధనూ గణన ఆలోచననూ ప్రవేశపెడతామని ప్రకటించింది. మరోవైపు 2023–24 యుడైస్ లెక్కల ప్రకారం, పనిచేసే కంప్యూటర్లున్న పాఠశాలలు మన దేశంలో 57.2 శాతమే.

ఈ అంకె చూడగానే, ముందు కంప్యూటర్లు కొనాలి అనిపిస్తుంది. కొనాలి కూడా. కానీ ఇంతవరకు చెప్పుకున్న చరిత్ర ఏమంటోంది? యంత్రం కొనడం అన్నిటికన్నా సులువైన పని. రిబ్బను కత్తిరించవచ్చు, ఫొటో తీయించుకోవచ్చు. మూడో తరగతికి పాఠం చెప్పేది ఎవరో ఆలోచించండి. మన పల్లెల్లో ఇద్దరు టీచర్లు అయిదు తరగతులను నడిపే ప్రాథమిక పాఠశాలలు కొల్లలు. తెలుగూ, లెక్కలూ, పరిసరాల విజ్ఞానమూ ఆవిడే చెప్పాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి. సెల్‌ఫోన్‌లో హాజరు నమోదు చేయాలి. వీటి మీద ‘గణన ఆలోచన’ అనే కొత్త మూట పెట్టి, ఆన్‌లైన్‌లో ఒక వీడియో చూపించి, ధ్రువపత్రం ఇచ్చేస్తే పని పూర్తయిందనుకుంటే 1984 నాటి కథే మళ్లీ మొదలవుతుంది. ఈసారి తాళం వేసిన గది ఉండదు. తాళం వేసిన పాఠం ఉంటుంది.

ఆ టీచర్‌కు కావలసినవి మరీ పెద్దవి కావు. నేర్చుకోవడానికి సెలవుల్లో కాక పనిరోజుల్లోనే సమయం కావాలి. సందేహం వస్తే అడగడానికి అదే మండలంలో మరో టీచర్ ఉండాలి. నెలకోసారి వాళ్లు కలుసుకోవాలి. అనువాదం వాసన కొట్టని తెలుగు పుస్తకం కావాలి. ‘ఆగమనాత్మక పునరుక్తి’ అని రాస్తే పిల్లలకే కాదు, టీచర్‌కూ అర్థం కాదు. ‘ఆ పని మళ్లీ మళ్లీ చెయ్యి’ అంటే చాలు. అన్నిటికీ మించి, ‘నాకూ తెలియదు, రా, ఇద్దరం కలిసి వెతుకుదాం’ అని పిల్లల ముందు అనగలిగే ధైర్యం కావాలి. లెక్కల మాస్టారికి జవాబు ముందే తెలిసి ఉండాలని మనం అలవాటు పడ్డాం. ప్రోగ్రామింగ్‌లో అది కుదరదు. పిల్లవాడు చేసే తప్పు ప్రతిసారీ కొత్తది. అలా అన్నందుకు తనిఖీకి వచ్చిన అధికారి కోప్పడకుండా ఉంటే ఆ ధైర్యం దానంతటదే వస్తుంది.

మీ ఊరి బడిలో కొత్త కంప్యూటర్ల గది తెరిస్తే తప్పకుండా వెళ్లి చూడండి. ఎన్ని యంత్రాలు వచ్చాయని అందరూ అడుగుతారు. మీరు మాత్రం, వీటిమీద పాఠం చెప్పే టీచర్ ఎవరు, ఆమెకు ఎన్నాళ్లు నేర్పారు, వచ్చే ఏడాది కూడా నేర్పుతారా అని అడగండి.